గార్డే కవర్‌ను పగలగొట్టింది: నిలబెట్టిన చోటే పడిపోయిన ఒక వీ-స్ట్రామ్ కేసు

బండి నడుస్తూ పడలేదు. అసలు దాని మీద మనిషే లేడు. లంబసింగి దగ్గర చెరువులవేనం వ్యూ పాయింట్‌కి వెళ్లే దారిలో, తెల్లవారుజామున మంచులో, రోడ్డు అంచున మట్టిలో సైడ్ స్టాండ్ వేసి ఓనరు టీ కోసం అటు తిరిగాడు. పది అడుగులు కూడా వేయలేదు, వెనక దబ్బుమని చప్పుడు. వేగం సున్నా. అయినా ఆ బండికి నా షెడ్డులో పడిన బిల్లు 41 వేలు. అదీ క్రాష్ గార్డ్, అంటే పడితే ఇంజిన్‌ను కాపాడడానికి పక్కల కట్టే పైపుల చట్రం, ఉన్న బండికి. గార్డ్ లేకపోయుంటే పదిహేను, ఇరవై వేలతో పోయేదని నా అంచనా, అందుకే ఈ కేసు రాస్తున్నాను.

నాది విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు. ఒకవైపు రిపేర్లు, ఇంకోవైపు పైపులు వంచే మెషీను, వెల్డింగ్ సెట్టు. దూరప్రయాణాలు చేసేవాళ్ల బండ్లకు గార్డులు, లగేజీ ర్యాకులు కట్టిస్తుంటాను, వేరేచోట కట్టించుకుని వంచుకొచ్చినవి విప్పుతుంటాను. రెండో పని వల్లే ఎక్కువ నేర్చుకున్నాను.

బండి సుజుకి వీ-స్ట్రామ్ 650 ఎక్స్‌టీ. కంపెనీ చెప్పే బరువు 216 కేజీలు, సీటు ఎత్తు 835 మిల్లీమీటర్లు, ట్యాంకు 20 లీటర్లు. ఓనరు బ్యాంకు ఉద్యోగి, ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, కూర్చుంటే మునివేళ్లే ఆనతాయి. రెండు పక్కలా అల్యూమినియం బాక్సులు, వెనక సీటు మీద బ్యాగు, మొత్తం సామాను నలభై కేజీలకు తక్కువ ఉండదు. అంటే ఆ రోజు నేల మీద పడింది 250 కేజీల పైచిలుకు ఇనుము, అల్యూమినియం, ఇంకా ఆయన భార్య పెట్టిన రెండు కేజీల జంతికలు.

బండి ట్రాలీలో వచ్చింది. దించుతుండగానే ఎడమ పక్క చూశాను. క్లచ్ లివర్ సగానికి విరిగింది. అద్దం లేదు, ముందు ఇండికేటర్ వైరుకు వేలాడుతోంది. గేర్ రాడ్ లోపలికి వంగి ఇంజిన్‌కు ఆనుకుంది. ఎడమ బాక్సు కింది మూల నొక్కుకుపోయి, దాని ర్యాకు చక్రం వైపు ఒరిగింది. ఇవన్నీ బండి పడితే మామూలే. మామూలు కానిది ఏంటంటే మ్యాగ్నెట్ కవర్, అంటే ఇంజిన్ ఎడమ పక్క ఆల్టర్నేటర్ మీద ఉండే మూత, బొటనవేలంత పొడవున పగిలి ఆయిల్ కారుతోంది. చింతపల్లిలో ఎవరో ఎం-సీల్ పూశారు కానీ ఆయిల్ తడి మీదే పూశారు, నర్సీపట్నం ఘాట్ దిగకముందే ఊడిపోయింది. (ఎం-సీల్ పూయాల్సి వస్తే ముందు పెట్రోలు గుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి, గీకి గరుకు చేసి, గట్టిపడేదాకా ఆగాలి. చలిలో ఇంకా ఎక్కువసేపు పడుతుంది. తొందరపడితే దండగ.)

"అన్నా, గార్డ్ ఉంది కదా, మరి కవర్ ఎలా పగిలింది?" అన్నాడు ఆయన. రాయి తగిలి ఉంటుందని నేనూ అనుకున్నాను. కవర్ మీద మాత్రం రాయి గీతలు లేవు. పగులు మధ్యలో నున్నటి నొక్కు ఉంది, దాని మీద నల్లటి పెయింటు అంటుకుని ఉంది. ఆ నలుపు గార్డ్ పెయింటుదే. గార్డ్ కింది పైపు లోపలికి వంగి కవర్‌ను నొక్కి పగలగొట్టింది. నేల ఆ కవర్‌ను తాకనే లేదు.

గార్డ్ విప్పితే మిగతా కథ బయటపడింది. అది ఆన్‌లైన్‌లో కొన్న రకం, ఎవరి తయారీ అన్నది ఇక్కడ అనవసరం. చూడ్డానికి లావుగా, బలంగా ఉంది. ఒక్కో పక్క రెండే చోట్ల పట్టు: పైన ఇంజిన్‌ను ఫ్రేముకు బిగించే బోల్టు మీద, కింద ఒక సన్న పట్టీ మీద. ఎడమ గార్డుకు, కుడి గార్డుకు మధ్య ఏ కలుపూ లేదు. పడగానే కింది పట్టీ వంగింది, దాంతో గార్డ్ పై బోల్టు చుట్టూ తలుపు మడతబందు మీద తిరిగినట్టు లోపలికి తిరిగింది. పైపుకూ కవర్‌కూ మధ్య ఉన్న ఖాళీ, వంగని కుడి పక్క కొలిస్తే, 12 మిల్లీమీటర్లు. అది ఎప్పుడో అయిపోయి ఉంటుంది. పైగా ఆ పై బోల్టు కూడా వంగి, అల్యూమినియంలో ఉన్న మర తినేసింది. అక్కడ హెలికాయిల్, అంటే పాడైన మర స్థానంలో కూర్చోబెట్టే తీగ చుట్ట, వేయాల్సి వచ్చింది. ఇంజిన్ పట్టు దగ్గర మర పాడయ్యాక ఏ మెకానిక్ అయినా చెమటలు పడుతూనే డ్రిల్లు పడతాడు, నేనూ అంతే.

ఇక్కడ ఒక చేతి లెక్క చెబుతాను. 250 కేజీల బండి పక్కకు ఒరిగి గార్డ్ మీద ఆగేసరికి దాని బరువు కేంద్రం సుమారు 30 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఆ శక్తి 750 జౌళ్ల దాకా ఉంటుంది, అంటే 75 కేజీల మనిషి మీటరు ఎత్తు నుంచి దూకినంత. మనిషి దూకితే మోకాళ్లు వంచుతాడు, అందుకే బతికిపోతాడు. గార్డుకు మోకాళ్లు ఎక్కడివి? ఆ శక్తిని 3 సెంటీమీటర్ల దూరంలో ఆపితే సగటున రెండున్నర టన్నుల తోపు. ఒక్క సెంటీమీటరులో ఆపితే ఏడున్నర టన్నులు. మొత్తం గార్డ్ మీదే పడదు, హ్యాండిల్, బాక్సు, మట్టి తలా కాస్త తీసుకుంటాయి. అయినా గార్డ్ అంటే దెబ్బను మాయం చేసే వస్తువు కాదు, దెబ్బను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్లే వస్తువు. ఎక్కడికి మోస్తోందన్నదే అడగాలి. ఆయన గార్డ్ దాన్ని నేరుగా ఖరీదైన అల్యూమినియం ముక్కకు మోసింది.

మన నాన్నల కాలం బుల్లెట్ లెగ్ గార్డ్ మీద కాళ్లు చాపుకుని తిరిగినవాళ్లకు ఈ గొడవ తెలియదు. అక్కడ గార్డ్ పట్టేది ముందున్న ఉక్కు ఫ్రేము పైపును, అది వంగితే కొలిమి దగ్గరకు పట్టుకెళ్తే సరిచేసి ఇస్తారు. వీ-స్ట్రామ్ ఫ్రేము అల్యూమినియం. ఉక్కు వంగి చెబుతుంది, పోత అల్యూమినియం చెప్పకుండా పగులుతుంది.

అసలెందుకు పడింది?

దీని మీద ఆయన సిగ్గుపడుతూ చెప్పిన విషయం నాకు భలే నచ్చింది. ముందు రోజు రాత్రి నర్సీపట్నంలో లాడ్జి దగ్గర స్టాండ్ వేస్తే బండి మరీ నిటారుగా నిలబడి కుడివైపుకు పడబోయిందట. అది సహజం. సామాను బరువుకు వెనక సస్పెన్షన్ కుంగుతుంది, బండి కిందికి దిగుతుంది, స్టాండ్ పొడవు మాత్రం అంతే ఉంటుంది, కాబట్టి బండి నిటారుగా లేస్తుంది. ఎవరో ఫ్రెండు ఫోన్లో "ప్రీలోడ్ పెంచు" అన్నాడు. ప్రీలోడ్ అంటే వెనక స్ప్రింగును ముందుగానే ఎంత నొక్కి ఉంచాలన్నది; ఈ బండిలో దానికి చేత్తో తిప్పే నాబ్ ఉంటుంది, ఆయన చివరిదాకా తిప్పేశాడు. సలహా సరైనదే, సగమే. వెనక లేచింది, బండి స్టాండ్ మీదికి మరింత వాలింది, స్టాండ్ పాదం మీద బరువు పెరిగింది. సిమెంటు నేల మీద ఏమీ కాదు. మంచుకు నానిన మట్టిలో ఆ చిన్న పాదం మెల్లగా దిగింది, దిగేకొద్దీ బండి ఇంకా వాలింది, వాలేకొద్దీ ఇంకా దిగింది. ఆ పది అడుగుల టైమంతా ఇదే జరుగుతోంది.

కాబట్టి మొదట కట్టింది గార్డ్ కాదు, స్టాండ్ పాదం. 5 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు, అరచేతిలో సగం ఉంటుంది, రెండు స్క్రూలు. మడిచినప్పుడు చెయినుకు తగలకుండా మూలలు గుండ్రంగా తీశాం. 350 రూపాయలు తీసుకున్నాను. ఈ మొత్తం కేసులో డబ్బుకు తగ్గ ఫలితం ఇచ్చింది ఇదొక్కటే అంటే నమ్మండి. ప్లేటు లేనివాళ్లు ట్యాంక్ బ్యాగులో చిన్న చెక్కముక్క పెట్టుకున్నా చాలు, దాన్ని తీసుకోకుండా బండి కదిలించేస్తారు గనక తాడు కట్టి హ్యాండిల్‌కు తగిలించుకోండి.

కొత్త గార్డ్

పెట్టుకున్న షరతులు మూడే. ఫ్రేముకు చిల్లు పెట్టకూడదు, అల్యూమినియం మీద వెల్డింగ్ చేయకూడదు, దెబ్బకు ఏది పోయినా చేత్తో మార్చుకునేదే పోవాలి.

ఒక అంగుళం బయటి వ్యాసం, రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పైపు తీసుకున్నాం. స్టెయిన్‌లెస్ కావాలన్నాడు ఆయన, మెరుస్తుందని. వద్దన్నాను. లడఖ్ దారిలో ఏ ఊళ్లో వంగినా మామూలు ఉక్కును వేడిచేసి వంచి అతికించగల మనిషి దొరుకుతాడు, స్టెయిన్‌లెస్‌కు సరైన రాడ్డు, సరైన చెయ్యి రెండూ కావాలి. ఒక్కో పక్క మూడు పట్లు పెట్టాం. అసలు మార్పు మాత్రం రేడియేటర్ కింద అడ్డంగా వేసిన పైపు, ఎడమ గార్డునూ కుడి గార్డునూ కలిపేది. ఎడమ పక్క పడితే ఎడమ గార్డ్ లోపలికి తిరగాలని చూస్తుంది, ఆ అడ్డపైపు దాన్ని కుడి గార్డుకు అప్పగిస్తుంది, కుడి పక్క మూడు పట్లు కూడా మోతలో చేయి వేస్తాయి. రెండు పట్ల మీద పడాల్సింది ఆరు పట్ల మీద పడుతుంది. లగేజీ ర్యాకుకూ ఇదే, నంబరు ప్లేటు వెనక అడ్డంగా ఒక పట్టీ వేసి రెండు బాక్సుల ర్యాకులనూ కలిపాను.

కవర్‌కూ పైపుకూ ఖాళీ 35 మిల్లీమీటర్లు ఉంచాం. దానికంటే బయటికి తీస్తే కాలు తీసుకునే దారి తగ్గుతుంది, దెబ్బకు మీట పొడవూ పెరుగుతుంది, అంటే అదే దెబ్బ బోల్టులను ఇంకా గట్టిగా వంచుతుంది. వెడల్పు గార్డే మంచి గార్డనుకునేవాళ్లు చాలామంది వస్తారు. హైవే మీద ఫుట్‌రెస్టులు తగిలించుకోవడానికైతే సరే.

పైపు అన్నిటికంటే బయటికి వచ్చే చోట లేతులో తీయించిన నైలాన్ బిళ్ల పెట్టాం, అరిగితే తిప్పి పెట్టుకోవచ్చు, పోతే మళ్లీ తీయించుకోవచ్చు. ఇంజిన్ పట్టు దగ్గర వెళ్లే పొడవు బోల్టు 10.9 గ్రేడు (ఈ అంకె పెరిగేకొద్దీ బోల్టు గట్టిది). గార్డును దాని బ్రాకెట్‌కు కలిపే బోల్టు మాత్రం కావాలనే 8.8, సైజు కూడా 8 మిల్లీమీటర్లే. దీని మీద నా పనివాడితో ఒక పూట వాదన జరిగింది. "గట్టిది వేద్దాం అన్నా, మనదగ్గర ఉంది కదా 12.9" అంటాడు. గట్టిది వేస్తే బోల్టు నిలబడుతుంది, ఇంజిన్ లగ్గు, అంటే బోల్టు పట్టుకునే ఇంజిన్ చెవి, పోతుంది. ఇంట్లో ఫ్యూజు వైరు బదులు లావు వైరు వేసినట్టే. తెగాల్సిన చోట తెగే బోల్టు ఉండాలి, దానికి రెండు స్పేర్లు టూల్ కిట్‌లో ఉండాలి. అవి ఇచ్చి పంపాను.

గార్డ్ కాకుండా ఇంజిన్ బోల్టు మీద పుట్టగొడుగులా బయటికి పొడుచుకొచ్చే స్లైడర్లు కావాలని కూడా అడిగారు చాలామంది. ట్రాక్ మీద జారే బండికి వాటి లెక్క వేరు. నిలబడి పడే బరువు బండికి అంత పొడవు మీటను ఒకే బోల్టు మీద పెట్టడం నాకిష్టం లేదు, నేను వేయను.

హ్యాండిల్ దగ్గర లోపల అల్యూమినియం పట్టీ ఉన్న హ్యాండ్ గార్డులు వేశాం, రెండు చివరలా బిగించేవి. ప్లాస్టిక్ మాత్రమే ఉన్నవి గాలికి, చలికి పనికొస్తాయి గానీ లివర్‌ను కాపాడవు. ఇంకో చిన్న పని, ఖర్చు పది రూపాయలు: లివర్ బిగించే క్లాంపు కింద హ్యాండిల్ మీద రెండు చుట్లు టెఫ్లాన్ టేపు చుట్టి, క్లాంపును కదలనంత బిగించాలి, చంపేంత కాదు. పడితే లివర్ విరగకుండా హ్యాండిల్ చుట్టూ తిరుగుతుంది. చేత్తో గట్టిగా తోస్తే తిరగాలి, మామూలుగా నొక్కితే తిరగకూడదు, ఆ మధ్యలో ఎక్కడో ఆపాలి.

ముగ్గు పరీక్ష

కట్టిన గార్డ్ పనిచేస్తుందో లేదో రోడ్డు మీద తెలుసుకోవడం ఖరీదైన పద్ధతి. నేను చేసేది ఇది. బండిలో పెట్రోలు దాదాపు ఖాళీ చేసి, బాక్సులు తగిలించి, వాటిలో బియ్యం మూటలు పెట్టి, షెడ్డు నేల మీద ముగ్గు పిండి దట్టంగా చల్లి, నలుగురం పట్టుకుని బండిని మెల్లగా పక్కకు పడుకోబెడతాం. లేపాక తెల్లగా ఎక్కడెక్కడ అంటిందో చూస్తాం. హ్యాండ్ గార్డ్ చివర, గార్డ్ మీది నైలాన్ బిళ్ల, బాక్సు కింది మూల, ఈ మూడింటికే అంటాలి. ముక్కాలి పీటలా బండి వాటి మీద ఆగాలి. నాలుగోది ఏది తెల్లబడినా అది పడినప్పుడు విరిగేదే.

ఎడమ పక్క మొదటిసారి గేర్ రాడ్ చివర తెల్లబడింది. నైలాన్ బిళ్ల కింద వాషర్ వేసి పెంచాం, రెండోసారి గేర్ రాడ్‌కూ నేలకూ మధ్య 15 మిల్లీమీటర్లు వచ్చింది. కుడి పక్క ఒకేసారి పాసయింది. బ్రేక్ పెడల్ మీద చుక్క పిండి కూడా లేదు. చాలా సంతోషపడ్డాను. ఆ సంతోషం సంగతి తర్వాత చెబుతాను.

ఇన్సూరెన్స్ విషయం క్లుప్తంగా. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం కోత పడుతుంది, క్లెయిము తీసుకుంటే పోగేసుకున్న నో క్లెయిమ్ బోనస్ పోతుంది. బయట కట్టించిన గార్డులు, బాక్సులు పాలసీలో విడిగా చూపించకపోతే వాటికి ఏమీ రాదు. ఆయన చూపించలేదు. ఇప్పుడు చూపించాడు.

రెండో పాటు

ఏడు నెలల తర్వాత ఫోన్. "అన్నా, మళ్లీ పడింది." గొంతులో టెన్షన్ లేదు, నవ్వు ఉంది.

గండికోట నుంచి జమ్మలమడుగు వైపు వస్తూ, వెనక భార్యను కూర్చోబెట్టుకుని, దారి తప్పి రోడ్డు మీదే యూ-టర్న్ తీసుకోబోయాడు. సగంలో ఆగి కుడి కాలు కింద పెట్టాడు, అక్కడ రోడ్డు అంచు జానెడు కిందికి ఉంది. 835 మిల్లీమీటర్ల సీటు మీద మునివేళ్లతో ఆనే మనిషికి జానెడు అంటే నేల లేనట్టే. బండి కుడి పక్కకు, నిదానంగా, ఆపలేనంత నిదానంగా ఒరిగింది. ఆమె ముందే దిగిపోయింది, ఆయన కాలు గార్డుకూ బాక్సుకూ మధ్య ఖాళీలో ఉండిపోయింది, గీత కూడా పడలేదు. ఇంజిన్ దానంతట అదే ఆగింది.

లేపడం నేను నేర్పినట్టే లేపారు. కుడి పక్క పడితే ముందు సైడ్ స్టాండ్ బయటికి తీసి ఉంచాలి, అది పై పక్కే ఉంటుంది కాబట్టి వీలవుతుంది, లేకపోతే లేపిన ఊపుకు అవతలికి పడుతుంది. గేరులో పెట్టాలి, జారకుండా. హ్యాండిల్‌ను నేల వైపుకు పూర్తిగా తిప్పి, బండికి వీపు ఆనించి గొంతుక్కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్ పిడి, ఇంకో చేత్తో వెనక ర్యాకు పట్టుకుని, చేతులతో లాగకుండా కాళ్లతో వెనక్కి నడుస్తున్నట్టు తోయాలి. బాక్సులు ముందే ఊడదీస్తే ఇంకా తేలిక. గార్డ్, బాక్సు మీద ఆగిన బండి పూర్తిగా పడుకోదు, కాబట్టి సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది. లేచాక స్టార్ట్ కాలేదట, ఒక్క క్షణం గుండె జారిందన్నాడు, తర్వాత గుర్తొచ్చి తాళం ఆఫ్ చేసి ఆన్ చేశాడు, స్టార్టయింది. ఇంజిన్ నడుస్తుండగా పడితే ఆపేసే సెన్సర్ ఉంటుంది ఇలాంటి బండ్లలో, తాళం ఆఫ్ చేస్తే తప్ప అది వదలదు.

వచ్చాక షెడ్డులో చూశాను. హ్యాండ్ గార్డ్ మీద గీతలు. ముందు బ్రేక్ లివర్ క్లాంపుతో సహా కాస్త తిరిగింది, విరగలేదు, చేత్తో వెనక్కి తిప్పాం. నైలాన్ బిళ్ల ఒక పక్క నాలుగు మిల్లీమీటర్లు అరిగింది. తెగాల్సిన బోల్టు తెగలేదు గానీ కొద్దిగా సాగింది, మార్చేశాం. కుడి పక్క క్లచ్ కవర్‌కు పైపు ఖాళీ కొలిస్తే 31 వచ్చింది, అంటే నాలుగు మిల్లీమీటర్లు శాశ్వతంగా వంగింది, పడిన క్షణంలో అంతకంటే ఎక్కువే వంగి వెనక్కి వచ్చి ఉంటుంది. కవర్ మీద మచ్చ లేదు.

బ్రేక్ పెడల్ మాత్రం ఇంజిన్ వైపు లోపలికి మడతపడింది. ముగ్గు పిండి చుక్క కూడా అంటని పెడల్.

కారణం వెతకడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నా షెడ్డు నేల చదును. రోడ్డు అంచున చదును ఉండదు, అక్కడ గార్డుకూ బాక్సుకూ మధ్య, సరిగ్గా పెడల్ కింద, ఒక రాయి ఉంది. ముక్కాలి పీట మీద ఆగుతుందని నేను మురిసిపోయిన ఆ మూడు కాళ్ల మధ్య ఖాళీలో ఏముంటుందో ఆలోచించలేదు. ఆయన పెడల్‌ను ఆ రాయితోనే కొట్టి కాస్త బయటికి తీసుకుని, వెనక బ్రేకు సగం పనిచేస్తుండగా జమ్మలమడుగు దాకా వచ్చాడు. ఘాట్ రోడ్డులో అయితే ఇది చిన్న విషయం కాదు.

పెడల్ వేడిచేసి సరిచేసి, చివరి మెట్టు కోసి స్ప్రింగుతో మడతపడే ముక్క పెట్టాం. ఎడమ పక్క గేర్ రాడ్‌కూ అదే చేశాం. పెడల్ ముందు గార్డ్ కింది పైపు నుంచి వెనక్కి ఒక చిన్న కొమ్మ తీద్దామా అని కూడా చూశాం, కాలు ఇరుక్కునేలా ఉందని వదిలేశాను. ముగ్గు పరీక్షలో ఇప్పుడు రెండు రౌండ్లు చేస్తున్నాం, ఒకటి మామూలు నేల మీద, ఇంకోటి పెడల్ కింద, గేర్ రాడ్ కింద సగం ఇటుక పెట్టి. ఇటుకతో చేశాక అంతకుముందు నేను పాస్ చేసి పంపిన బండ్లలో మూడు ఫెయిలయ్యాయి, ఫోన్ చేసి పిలిపించి మార్చాను, డబ్బులు తీసుకోలేదు.

రెండోసారి ఆయనకు పడిన బిల్లు 1,150. బోల్టు, పెడల్ పని, మడతముక్కలు, లేబరు. నైలాన్ బిళ్ల మార్చమన్నాడు. ఇంకో పక్క అరగలేదు కదా, తిప్పి బిగించి ఇచ్చేశాను.